స్నేహితుడి కారు అప్పుకు షూరిటీ – సంతకానికి ముందు వేసుకోవలసిన లెక్క



దాదాపు ముప్పై ఏళ్లుగా బడిలో లెక్కలు చెబుతున్నాను. చక్రవడ్డీ పాఠం ఏటా చెప్పేదే. అయినా ఒకసారి అప్పు కాగితం మీద లెక్క చూడకుండా సంతకం పెట్టాను. ఆ అనుభవం మన కుటుంబాలకు పాఠంగా ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

చిన్ననాటి స్నేహితుడు ఒకరు ఎన్నో ఏళ్లు ఇతరుల కార్లు నడిపాడు. సొంత కారు కొని అద్దెకు తిప్పుకుందామనుకున్నాడు. ఫైనాన్సు కంపెనీవారు ప్రభుత్వ ఉద్యోగి షూరిటీ అడిగారు. "నీ సంతకం ఒక్కటి చాలు భాయ్, కిస్తీ నేను కట్టుకుంటాను" అన్నాడు. రెండు పీరియడ్ల మధ్య స్టాఫ్ రూములోనే సంతకాలు చేశాను. ఒక్క పేజీ కూడా చదవలేదు. చదివితే అనుమానించినట్టు అవుతుందని మొహమాటం.

ఏడాదిన్నర సక్రమంగా కట్టాడు. తరువాత నడుము ఆపరేషన్ జరిగి బండి ఎక్కలేకపోయాడు. సిగ్గుపడి నాకు చెప్పలేదు. ఎనిమిదో తరగతిలో పాఠం చెబుతుండగా బడికి ఫోను వచ్చింది. అప్పటికే నాలుగు కిస్తీలు ఆగిపోయాయి. బండిని తీసుకెళ్లి వేలం వేశారు. వచ్చిన డబ్బు బాకీకి చాలలేదు. మిగిలిన 86,000 రూపాయలు నేను కట్టాను. అది మా అమ్మాయి చదువు కోసం దాచిన సొమ్ము. ఆ ఏడాది అమ్మాయిని తాను కోరుకున్న కాలేజీలో చేర్పించలేకపోయాను.

షూరిటీ అంటే సాక్షి సంతకం కాదు

చాలామంది షూరిటీ అంటే "ఈ మనిషి మంచివాడు" అని చెప్పడం మాత్రమే అనుకుంటారు. అది కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 126వ సెక్షను ప్రకారం, అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే ఆ బాధ్యత నేను తీరుస్తానని ఇచ్చే హామీయే పూచీకత్తు. 128వ సెక్షను ఇంకా స్పష్టంగా చెబుతుంది: ఒప్పందంలో వేరే విధంగా రాసుకోకపోతే, షూరిటీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. సగం కాదు, పావు కాదు.

"ముందు అతని దగ్గర వసూలు చేయండి, ఆ తరువాతే నా దగ్గరకు రండి" అనే వాదన నిలవదు. బ్యాంక్ ఆఫ్ బిహార్ కేసులో 1968లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఇచ్చినవారు నేరుగా షూరిటీదారునే అడగవచ్చు. కోర్టు డిక్రీ వస్తే, చట్టం పెట్టిన పరిమితికి లోబడి, జీతంలో కొంత భాగాన్ని కూడా జప్తు చేయవచ్చు.

కొన్నిచోట్ల షూరిటీగా కాక సహ రుణగ్రహీతగా సంతకం తీసుకుంటారు. అప్పుడు ఆ అప్పు మొదటి రోజు నుంచీ మీది కూడా. ఏ హోదాలో సంతకం పెడుతున్నారో అడిగి తెలుసుకోండి.

ఒక లెక్క

6,00,000 రూపాయల అప్పు, ఏడాదికి 10 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుందాం. నెల కిస్తీ సుమారు 12,750 రూపాయలు. ఐదేళ్లకు మొత్తం కట్టేది సుమారు 7,65,000.

రెండేళ్లు సక్రమంగా కట్టి ఆపేశాడనుకోండి. అప్పటికి అసలులో ఇంకా సుమారు 3,95,000 మిగిలి ఉంటుంది. వేలంలో కారుకు 3,20,000 వచ్చిందనుకుంటే లోటు 75,000. దానికి ఆలస్య రుసుములు, బండిని తీసుకెళ్లిన ఖర్చులు తోడవుతాయి. ఆ లోటు కోసం షూరిటీదారు ఇంటికి వస్తారు. కారు అతను తిరిగాడు, అరుగుదల మనం కడతాం.

కనిపించని నష్టం

మీరు షూరిటీ ఉన్న అప్పు మీ సిబిల్ నివేదికలోనూ కనిపిస్తుంది. ఆ స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. స్నేహితుడు కిస్తీలు ఎగ్గొడితే మీ స్కోరు దెబ్బతినవచ్చు. రేపు మీ పిల్లల చదువుకో, ఇంటికో అప్పు అడిగితే ఆ మచ్చ అడ్డువస్తుంది. ఏడాదికి ఒకసారి ఈ నివేదికను ఉచితంగా పొందే హక్కు మనకుంది.

సంతకానికి ముందు

1. "అతను కడతాడా?" అని కాదు, "అతను కట్టలేకపోతే నేను కట్టగలనా?" అని ప్రశ్నించుకోండి. లేదు అనే జవాబు వస్తే అక్కడే ఆగండి. నా స్నేహితుడు మోసగాడు కాదు. మంచివాడికీ జబ్బు చేస్తుంది.

2. ఇంట్లో చెప్పండి. కట్టవలసి వస్తే ఆ డబ్బు భార్యాపిల్లల నోటి దగ్గరిదే.

3. ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకం వద్దు. ప్రతి పేజీ చదివి ఒక నకలు ఉంచుకోండి.

4. మీకు తెలియకుండా షరతులు మార్చితే, ఆ తరువాతి వ్యవహారాలకు పూచీ ఉండదని 133వ సెక్షను చెబుతుంది. కానీ అచ్చు పత్రాల్లో మీ అనుమతిని ముందే రాయించుకుంటారు. ఆ వాక్యం ఉందేమో వెతకండి.

5. బండికి బీమా ఏటా కడుతున్నాడో లేదో చూడండి.

ఇప్పటికే పెట్టినవారు

నెలనెలా కిస్తీ రసీదు వాట్సాప్‌లో పంపమనండి. ఒక్క కిస్తీ ఆగినా వెంటనే కూర్చుని మాట్లాడండి. బండిని స్వయంగా మంచి ధరకు అమ్మి బాకీ తీర్చడం వేలం కంటే మేలు కావచ్చు. మీరు కట్టవలసి వస్తే ప్రతి రసీదు దాచుకోండి. కట్టిన సొమ్మును అతని నుంచి రాబట్టుకునే హక్కును 140, 145 సెక్షన్లు ఇస్తున్నాయి.

ఇలా అడగడం అపనమ్మకం కాదు. దివ్య ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, బఖరా సూరాలోని 282వది. అప్పును రాసుకోవడం, సాక్షులను పెట్టుకోవడం గురించే అది చెబుతుంది.

కాదనడం ఎలా?

సాయం చేయడానికి షూరిటీ ఒక్కటే దారి కాదు. "భాయ్, నా జీతం మీద ఇప్పటికే ఇంటి అప్పు ఉంది. సంతకం పెట్టలేను. ముందు కట్టే సొమ్ములో నా వంతు పదివేలు ఇస్తాను. తిరిగి ఇవ్వకపోయినా ఫర్వాలేదు" అనండి. ఈ మాటకు అతను నాలుగు రోజులు నొచ్చుకోవచ్చు. మా ఇద్దరి మధ్య మాటలు నాలుగేళ్లు ఆగిపోయాయి. పండుగ నమాజులో ఒకే వరుసలో నిలబడి కూడా ముఖాలు తిప్పుకున్నాం. ఆ తరువాత అతనే ఇంటికి వచ్చి చేతనైనంత ఇచ్చాడు. ఇంకా కొంత బాకీ ఉంది. ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం.

ఇంట్లో చర్చించుకోవడానికి

మన ఇంట్లో ఎవరెవరు ఎవరికి షూరిటీ ఉన్నారు? ఆ అప్పుల్లో ఇంకా ఎంత మిగిలి ఉంది? అది రేపే కట్టమంటే మన దగ్గర ఉందా? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు ఈ రాత్రి భోజనాల తరువాత ఒక కాగితం మీద రాసుకోండి.