గెడ్డనీరు పచ్చబడుచున్నది

ప్రశ్న: మా ఊరి గెడ్డ నాగావళిలో కలియును. వేసవిలో నీరు పచ్చబడి, వేకువన చేపలు నోళ్లు తెఱచి పైకి తేలుచున్నవి. ఏమి చేయవలెను?
– ఒక రైతు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పొలములలో మితిమీరి చల్లిన యూరియాయు, గట్టునున్న పెంటకుప్పల సారమును వానకు కొట్టుకొనివచ్చి, ప్రవాహము సన్నగిల్లిన వేళ నాచును పెంచగా, ఆ నాచు రాత్రియంతయు నీటిలోని ప్రాణవాయువును హరించుటచేతనే చేపలకీ దురవస్థ కలుగుచున్నది. నాచును తీసివేసినంత మాత్రమున ప్రయోజనము స్వల్పము. పెంటకుప్పలను గెడ్డకు దూరముగా మార్చి, యూరియాను దఫదఫాలుగా, వానసూచన లేనప్పుడు వేసి, గట్టువెంబడి వట్టివేరును దట్టముగా నాటుడు. పురుగుమందు కొట్టిన స్ప్రేయరును గెడ్డలో కడుగుట నేడే మానుడు. ఇది నా గట్టి మనవి. ఎగువ ఊరివారు కలిసిరానిదే ఫలితము నిలువదు.

యూరియా, పెంటల నుండి పుట్టు నైట్రేటు త్రాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదు. కాచినను అది పోదు. కావున గెడ్డపక్క బావినీటిని పసిపిల్లలకు పట్టుచున్నచో, గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలలో వెంటనే పరీక్ష చేయింపుడు. గెడ్డనీరు త్రాగి పశువులు జబ్బుపడినచో ఆలస్యము చేయక పశువైద్యుని పిలువుడు.