పేడ, వాన, సరస్సు: మెండోటా నేర్పే పాఠం



పాలలో నూటికి 80 పాళ్లకు మించి నీరే ఉన్నది. ఈ మాట వినగానే మనకు కల్తీ గుర్తుకు వస్తుంది గాని, మేము చెప్పబోయేది కల్తీ నీటిని గురించి కాదు. పశువు తాగి పాలుగా మార్చి ఇచ్చే నీటిని గురించి. నీరు బాగుంటేనే పశువు బాగుంటుంది, పశువు బాగుంటేనే సంఘం నిలుస్తుంది. అయితే మన పశువుల పేడే ఆ నీటిని చెడగొట్టగలదనీ, మారుతున్న వాతావరణం ఆ చెరుపును పెంచుతున్నదనీ మనలో చాలామంది ఆలోచించి ఉండరు. ఈ సంగతిని శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి పరిశీలించిన సరస్సు ఒకటున్నది. దాని చుట్టూ ఉన్నవారు కూడా మనవంటి పాడి రైతులే. ఆ సరస్సు కథే ఈ సంచికలోని పాఠం.

పాడి సీమలో ఒక సరస్సు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం పాడికి పేరుపొందినది. అక్కడి మోటారు వాహనాల నంబరు పలకల మీద 'అమెరికా పాడి సీమ' అని వేసుకుంటారు. ఆ రాష్ట్ర రాజధాని మాడిసన్. ఆ నగరం పక్కనే మెండోటా సరస్సు ఉన్నది. విస్తీర్ణం సుమారు 40 చదరపు కిలోమీటర్లు, మిక్కిలి లోతైన చోట 25 మీటర్లు.

ఆ సరస్సు ఒడ్డున ఉన్న విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి మనమంతా రుణపడి ఉన్నాం. 1890లో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పాలలో వెన్న శాతం కొలిచే పరీక్షను అక్కడే కనిపెట్టాడు. గంధకికామ్లం కలిపి, సీసాను గిర్రున తిప్పి, పైకి తేలిన వెన్నను కొలవడం ఆ పద్ధతి. మన సంఘాలకు బాగా తెలిసిన గెర్బర్ పరీక్ష కూడా ఆ కోవలోనిదే. చిక్కని పాలు పోసినవాడికీ, నీళ్లపాలు పోసినవాడికీ ఒకే ధర అనే అన్యాయం పోయింది. బాబ్‌కాక్ ఆ పరీక్షకు పేటెంటు కూడా తీసుకోలేదు.

పాలను పరీక్షించినట్లే అక్కడివారు సరస్సునూ పరీక్షించారు. ఎడ్వర్డ్ బర్జ్, చాన్సీ జుడే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 20వ శతాబ్ది తొలి ఏళ్లలో పడవ మీద వెళ్లి, ఏ లోతున నీటి వేడి ఎంత, ప్రాణవాయువు ఎంత అని కొలిచి రాసిపెట్టారు. అమెరికాలో సరస్సుల శాస్త్రానికి ఆ కొలతలు పునాది అయినాయి.

అంతకుముందే, 1850ల నుంచీ, సరస్సు ఏ రోజున గడ్డకట్టింది, ఏ రోజున కరిగింది అన్న లెక్క నడుస్తూ వస్తున్నది. మొదట్లో ఏడాదికి సుమారు నాలుగు నెలలు మంచు ఉండేది. ఇటీవలి దశాబ్దాలలో అది సుమారు మూడు నెలలకు తగ్గింది. 2001-02 చలికాలంలో 21 రోజులే నిలిచింది. ఒక పూట వెన్న తగ్గితే పశువు చెడిందని ఎవరూ అనరు. నెలల తరబడి రిజిస్టరులో అంకె దిగుతూ వస్తే మాత్రం కారణం వెదకవలసిందే. నూట యాభై ఏళ్లకు పైబడిన ఆ లెక్క, సరస్సు వేడెక్కుతున్నదని చెబుతున్నది.

నీరు పచ్చబడడానికి కారణం

మెండోటాకు ఉన్న మరో రోగం నాచు. వేసవిలో నీరు పచ్చరంగు కలిపినట్లు మారి, ఒడ్డున మీగడలా తెట్టు కట్టి, కుళ్లి కంపు కొడుతుంది. దీనికి మూలం భాస్వరం. కెనడాలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రజ్ఞుడు 1973లో దీనిని రుజువు చేశాడు. ఒక చిన్న సరస్సును తెరతో రెండుగా విడదీసి, ఒక సగంలో కర్బనం, నత్రజని వేశాడు. రెండో సగంలో వాటితోపాటు భాస్వరం కూడా వేశాడు. భాస్వరం వేసిన సగం పచ్చబడింది, రెండోది తేటగానే ఉన్నది. ఒక కిలో భాస్వరం నీటిలో చేరితే 500 కిలోల దాకా నాచు పెరగగలదని లెక్క.

ఇంత భాస్వరం ఎక్కడి నుంచి వచ్చింది? కొట్టం నుంచీ, పొలం నుంచీ. దాణాలో కొంత, ఎరువుల బస్తాలలో కొంత భాస్వరం ఊళ్లోకి వస్తుంది. పాలతో బయటికి పోయేది అందులో కొంతే. మిగిలినది పేడలోనూ, నేలలోనూ ఏడాదికేడాది పేరుకుంటుంది. పైరుకు అది బలమే. వానకు కొట్టుకుపోయి నీటిలో చేరితే మాత్రం నాచుకు మేత అవుతుంది.

ఆ కొద్ది రోజులు

మెండోటా మీద చాలాకాలం పరిశోధన చేసిన మంచినీటి జీవావరణ శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ కార్పెంటర్. 2011లో ఆయనకు స్టాక్‌హోమ్ జల బహుమతి వచ్చింది. ఆయనా, తోటివారూ సరస్సులోకి వచ్చే వాగుల నీటిలోని భాస్వరాన్ని రోజువారీ లెక్కలతో పరిశీలించి, 2015లో ఒక సంగతి ప్రకటించారు. ఏడాది మొత్తం మీద సరస్సులో చేరే భాస్వరంలో 74 శాతం, సగటున 29 రోజులలోనే వచ్చి పడుతున్నది. మిగిలిన పదకొండు నెలలలో వచ్చేది పావు వంతే.

ఇది పాడి రైతు జాగ్రత్తగా ఆలోచించవలసిన మాట. రోజూ కాస్త కాస్త కారడం వల్ల సరస్సు చెడిపోలేదు. మంచు కరిగి పారినప్పుడూ, కుండపోత వాన కురిసినప్పుడూ పొలం మీది పేడా మట్టీ కలిసి కొట్టుకువచ్చాయి. ఒక్క పులిసిన క్యాను ట్యాంకరు మొత్తాన్ని విరగ్గొట్టినట్లు, కొద్ది రోజుల అశ్రద్ధ ఏడాది పొడుగునా పడిన శ్రమను పాడుచేస్తుంది.

వాతావరణ మార్పు దెబ్బ కొట్టేది సరిగ్గా ఇక్కడే. గాలి ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అందుచేత కురిసినప్పుడు వాన మరింత జోరుగా కురుస్తుంది. 2018 ఆగస్టులో మాడిసన్ ప్రాంతంలో కొన్ని చోట్ల ఒక్క రోజులో 25 సెంటీమీటర్లకు పైగా వాన పడి వరదలు వచ్చాయి.

వేడి మరొక విధంగా కూడా కీడు చేస్తుంది. వేసవిలో లోతైన సరస్సులో పైన వెచ్చని నీరు, అడుగున చల్లని నీరు రెండు పొరలుగా నిలుస్తాయి. పైగాలి అడుగు పొరకు అందదు. చచ్చిన నాచు అడుగుకు దిగి కుళ్లేటప్పుడు అక్కడి ప్రాణవాయువు హరించుకుపోతుంది. అప్పుడు అడుగు బురదలో దాగిన పాత భాస్వరం మళ్లీ నీటిలో కలుస్తుంది. వేసవి పొడుగైన కొద్దీ ఈ పొరలు ఎక్కువ కాలం నిలుస్తాయి. కనుక వాగు ద్వారా కొత్తగా వచ్చేదాన్ని ఆపినా, పాత బాకీ తీరడానికి చాలా ఏళ్లు పడుతుంది.

పశువుకు ప్రమాదం

నాచులో నీలి-ఆకుపచ్చ జాతులు కొన్ని విషం పుట్టిస్తాయి. ఇది కొత్త సంగతి కాదు. 1878లోనే జార్జ్ ఫ్రాన్సిస్ అనే ఆయన, దక్షిణ ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సులో ఇటువంటి తెట్టు ఉన్న నీరు తాగి గొర్రెలు, గుర్రాలు, కుక్కలు, పందులు చనిపోయాయని శాస్త్ర పత్రికకు రాశాడు. కొన్ని విషాలు కాలేయాన్ని, కొన్ని నరాలను దెబ్బతీస్తాయి. పశువు నీరసించి, వణికి, తూలి, గంటలలోనే పడిపోవచ్చు. నీటిని కాచినా కాలేయాన్ని చెరిచే విషం పోదు.

వారు ఏం చేస్తున్నారు, మనమేం చేయాలి?

మెండోటా ఎగువన ఉన్న రైతులు 'యహారా ప్రైడ్ ఫార్మ్స్' అనే పేరుతో తామే ఒక సంఘంగా ఏర్పడ్డారు. పేడను నేల మీద పరచి వదలక మట్టి లోపలికి దించడం, పేడను మగ్గబెట్టి వాడడం, పంట లేని కాలంలో నేలను కప్పే పైరు వేయడం వంటి పద్ధతులను ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటున్నారు.

మన చెరువులు గడ్డకట్టవు, అంత లోతూ ఉండవు. అయినా భాస్వరం గుణం ఎక్కడైనా ఒక్కటే. పైగా మన వానంతా కొద్ది నెలలలోనే కురుస్తుంది. తెలంగాణతో సహా మధ్య భారతపు విశాల ప్రాంతంలో 1950 నుంచి 2015 వరకు అతివృష్టి సంఘటనలు సుమారు మూడు రెట్లయినాయని 2017లో ప్రకటించిన పరిశోధన తెలిపింది. అంటే మనకూ ఆ 'కొద్ది రోజులు' ఉన్నాయి. అవి ఎప్పుడు వస్తాయో కూడా మనకు తెలుసు. కనుక తొలకరికి ముందే సిద్ధం కావాలి.

గుర్తుంచుకోవలసినవి

1. పేడదిబ్బను చెరువు కట్టకూ, వాగుకూ, కాలువకూ దూరంగా మెరక మీద వేయండి. చుట్టూ చిన్న గట్టు పోయండి.

2. పొలానికి తోలిన పేడ ఎరువును కుప్పలుగా వదలక వెంటనే దున్ని మట్టిలో కలపండి. పెద్ద వాన సూచన ఉంటే ఆ రోజు తోలకండి.

3. భూసార పరీక్ష చేయించి, భాస్వరం చాలినంత ఉన్న నేలకు మళ్లీ భాస్వరపు ఎరువు వేయకండి. డబ్బూ మిగులుతుంది, చెరువూ మిగులుతుంది.

4. వేసవిలో చెరువు మట్టిని పొలానికి తోలే పాత అలవాటు మంచిది. దానితోపాటు కొంత భాస్వరం కూడా చెరువు నుంచి పొలానికి తిరిగి వస్తుంది.

5. నీటి మీద పచ్చరంగు పోసినట్లు తెట్టు కనబడితే పశువులను దిగనివ్వకండి, తాగనివ్వకండి. బోరు నీరు పెట్టండి. పశువు తూలితే ఆలస్యం చేయక పశువైద్యుని పిలవండి.

సంఘం సమావేశంలో చర్చించడానికి

మన ఊరి పేడదిబ్బలలో ఎన్నింటి మీది వాననీరు చెరువులోకి పోతున్నది? గత వానాకాలంలో చెరువు ఏ నెలలో పచ్చబడింది? ఇవి రాసిపెట్టే పుస్తకం మనకు ఉన్నదా?

చివరి ప్రశ్నను మీరు ముందు చేపట్టాలని మా కోరిక. పాల రిజిస్టరు పక్కనే మరొక నోటు పుస్తకం ఉంచి, పెద్ద వాన పడిన తేదీ, చెరువు నీటి రంగు రాయించండి. మాడిసన్‌లో మంచు లెక్క మొదలుపెట్టినవారు దాని ఫలితం చూడలేదు. వారి మునిమనుమల కాలానికి అది పనికివచ్చింది. మన పుస్తకం మాత్రం వచ్చే వానాకాలానికే పనికివస్తుంది.