సందేహం ఉన్నవాడు సాక్ష్యం చెప్పవచ్చా?

ప్రశ్న: బాప్తిస్మం తీసుకుని ఆరేళ్లయింది. ఈమధ్య ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడుతున్నట్టుంది. ఇలాంటి నేను స్నేహితులకు సువార్త ఎలా చెప్పను, అయ్యగారూ?

జవాబు: సోదరా, మార్కు సువార్త 9వ అధ్యాయం తీయండి. నేలమీద పడి పొర్లాడే కొడుకును తెచ్చిన తండ్రి, నమ్ముతున్నానంటూనే తన అపనమ్మకానికి సాయం అడిగాడు. ముందు విశ్వాసం సరిచేసుకుని రమ్మని యేసు తిప్పి పంపలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు. మీ ప్రార్థన కూడా అంత పొట్టిదైనా చాలు. మదర్ తెరిసా ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చాక, ఆమె దశాబ్దాలపాటు ఇలాంటి చీకటిలోనే సేవ చేశారని లోకానికి బాగా తెలిసింది. నిద్ర, ఆకలి కూడా తగ్గితే మాత్రం డాక్టర్ని కలవండి. అన్నీ ఆత్మసంబంధమే అనుకోవడం మనవాళ్లకు అలవాటు.

ఇక సువార్త. వాదనకు దిగకండి. యోహాను 9లో చూపు వచ్చిన గుడ్డివాడు తెలియనిది తెలియదన్నాడు, తెలిసిన ఒక్కటీ చెప్పాడు. మీరూ అంతే. అడక్కుండా కరపత్రం చేతిలో పెట్టేకంటే, స్నేహితుడి అమ్మ ఆసుపత్రిలో ఉంటే ఒక రాత్రి తోడుండండి. ఎందుకొచ్చావని అడిగితే అప్పుడు చెప్పండి. అడక్కపోతే కాఫీ తాగి వచ్చేయండి.