అత్తరు సీసాలో ఏముంది?



ఏటా ఈ సంచికలో జమాఖర్చులు, విద్యార్థి వేతనాలు, కుట్టు శిక్షణ సంగతులు రాస్తుంటాం. ఈసారి కొన్ని పేజీలు అత్తరుకు కేటాయించాం. కారణం చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

నిరుడు రంజాన్ తోఫా సంచుల్లో సేమియా, చక్కెర, ఖర్జూరం, బట్టలతో పాటు ఇంటికో చిన్న అత్తరు సీసా కూడా పెట్టాం. పండుగ పూట పేదవాడి ఒంటి మీద కూడా సువాసన ఉండాలన్నది మా ఆశ. ఒక టోకు వ్యాపారి దగ్గర రెండు వందల పైచిలుకు సీసాలు బేరమాడి కొన్నాం. రంగు బాగుంది, మూత బంగారు రంగు, ధర చూస్తే ఒక్కోటి ఇరవై రూపాయల లోపు. లెక్కల పుస్తకంలో ఆ మిగులు చూసుకుని సంతోషించాం కూడా. షవ్వాల్ రెండో రోజున ఒక పెద్దామె మా ఆఫీసుకు వచ్చింది. మనవడి మెడ మీద, మణికట్టు మీద దద్దుర్లు. ఆమె కోప్పడలేదు. సీసా బల్ల మీద పెట్టి, "బేటా, దీన్ని మీరు జుమాకు రాసుకుంటారా?" అని మాత్రం అడిగింది.

మాలో ఎవరూ రాసుకోలేదు. మా జేబుల్లో ఉండే సీసాలు వేరు. మనం కళ్ళు మూసుకుంటే తప్ప పుచ్చుకోని నాసిరకాన్ని దానానికి ఏరవద్దని బఖరా సూరాలో ఉన్న ఆజ్ఞ (267వ ఆయత్) ధాన్యానికీ పండ్లకే అనుకున్నాం కాబోలు. ఆ రోజు నుంచి అత్తరు గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాం. పాత దుకాణదారులను అడిగాం, పుస్తకాలు తిరగేశాం, చేతుల నిండా రాసుకుని తిరిగాం. అలా నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నాం. మీలో చాలామంది పండక్కి బంధువులకు, పనివాళ్ళకు, మసీదుకు అత్తరు కొనిచ్చేవారే కనుక పనికొస్తుందని మా నమ్మకం.

ముందుగా, అసలు అత్తరు ఎలా తయారవుతుందో చూద్దాం. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ పట్టణం ఈ పనికి పేరు. అక్కడి పద్ధతిని దేగ్-భప్కా అంటారు. దేగ్ అంటే మన బిర్యానీ డేగిసాకు అన్న లాంటి పెద్ద రాగి పాత్ర. అందులో పూలు, నీళ్ళు పోసి, మూత పెట్టి, చుట్టూ బంకమట్టితో మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. మూతలోంచి వెదురు గొట్టం ఒకటి బయలుదేరి, పక్కన నీళ్ళ తొట్టిలో మునిగి ఉన్న మరో రాగి పాత్రలోకి వెళుతుంది. ఇదే భప్కా. ఇందులో ముందే చందన నూనె పోసి ఉంచుతారు. పూల ఆవిరి గొట్టం గుండా వచ్చి, చల్లబడి, ఆ నూనెలో పడుతుంది. వాసనను చందనం పట్టుకుంటుంది, నీళ్ళు విడిపోయి అడుగుకు చేరతాయి. వాటిని తీసేసి, మర్నాడు కొత్త పూలతో మళ్ళీ మంట పెడతారు. నూనె ఇక చాలనేదాకా రోజుల తరబడి ఇదే పని. మంట ఎక్కువైతే పువ్వు మాడిన వాసన వస్తుంది, తక్కువైతే ఆవిరే రాదు. పాత పనివాళ్ళు గడియారాన్ని గానీ కొలతబద్దను గానీ నమ్ముకోరు. భప్కా మీద చెయ్యి వేసి వేడి చూసి చెబుతారు.

చందనం కలపకుండా పువ్వు నుంచి తీసిన నూనె ఒక్కటే అయితే దాన్ని 'రూహ్' అంటారు. రూహ్ అంటే ప్రాణం. రూహ్ గులాబ్ కిలో తీయాలంటే దాదాపు నాలుగు టన్నుల గులాబీలు కావాలి. అవి కూడా పొద్దెక్కక ముందే కోసినవై ఉండాలి. గులాబీ నూనె గురించి జహంగీర్ చక్రవర్తి తన ఆత్మకథలో ఒక ముచ్చట రాసుకున్నాడు. నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం గులాబీ నీరు చేస్తుండగా వేడి నీటి మీద తెట్టులా ఏదో తేలిందట. దాన్ని కొద్దికొద్దిగా పోగుచేస్తే ఒక్క చుక్కే సభంతా ఘుమఘుమలాడించిందట. దానికి ఇత్రె జహంగీరీ అని పేరు పెట్టారు. మన దక్కనులోనూ ఈ విద్యకు ఆదరణ తక్కువేమీ కాదు. బీజాపూర్‌లో రెండవ ఇబ్రాహీం ఆదిల్‌షా కాలంలో సుగంధాల తయారీ మీద 'ఇత్రె నౌరస్ షాహీ' అనే పారశీక గ్రంథమే వచ్చింది.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. దాతలు లెక్కలు తెలిసినవారు. మంచి చందన నూనె కిలో లక్ష రూపాయలకు పైమాటే. లక్ష అనే అనుకుందాం. 10 మిల్లీలీటర్ల సీసాలో పట్టే నూనె సుమారు 10 గ్రాములు. అంటే చందనం ఒక్కదానికే వెయ్యి రూపాయలు. పూల ఖర్చు, కూలి, కట్టెలు, సీసా, దుకాణం అద్దె ఇంకా కలపలేదు. మరి వంద రూపాయలకు "అసలు చందనం మీద తీసిన గులాబ్" అని అమ్మే సీసాలో ఏముంటుంది? చాలావరకు లిక్విడ్ పారఫిన్ గానీ, వాసన లేని మరో చవక ద్రావకం గానీ, దానిలో కర్మాగారంలో చేసిన పరిమళ రసాయనం. మేము నిరుడు ఇరవై రూపాయలకు కొన్నదేమిటో ఈ లెక్క నేర్చుకున్నాకే మాకు అర్థమైంది.

అయితే ఒక మాట. కృత్రిమ పరిమళమంటే మోసం అని మేము అనడం లేదు. ఉదాహరణకు కస్తూరి. కస్తూరి మృగాన్ని వేటాడడం, దాని కస్తూరిని అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఇవాళ బజారులో "ముష్క్" అని దొరికేదంతా ప్రయోగశాలలో చేసినదో, కస్తూరి బెండ గింజల నుంచి తీసినదో అయి ఉంటుంది, అయి ఉండాలి కూడా. 1888లో ఆల్బర్ట్ బౌర్ అనే రసాయనవేత్త పేలుడు పదార్థాల మీద పనిచేస్తూ అనుకోకుండా కస్తూరి వాసన గల పదార్థాన్ని తయారుచేశాడు. ఒక మూగజీవి ప్రాణం మిగిల్చే వాసనను మనం ఎందుకు కాదనాలి? తప్పు ఎక్కడంటే, రసాయనాన్ని రూహ్ అని చెప్పి రూహ్ ధరకు అమ్మడంలో. ఇంకో తప్పు, ఒంటికి పడని చవక ద్రావకంలో కలిపి పిల్లల మెడకు చేర్చడంలో. రెండోది చేసిన వాళ్ళలో మేమూ ఉన్నాం.

సహజమైనది కనుక హాని లేదనుకోవడం కూడా పొరపాటే. దాల్చినచెక్క నూనె, లవంగ నూనె సూటిగా రాస్తే చర్మం మండుతుంది. కొన్ని నిమ్మజాతి నూనెలు రాసుకుని ఎండలోకి వెళితే ఆ చోట మచ్చలు పడతాయి. ఏ అత్తరైనా మొదటిసారి మోచేతి లోపలి వైపు ఒక చుక్క రాసి, ఒక రోజు ఆగి చూడండి. చిన్నపిల్లలకు బట్ట అంచుకు రాస్తే చాలు, ఒంటికి వద్దు.

ఇక ఎంపిక. దుకాణానికి వెళ్ళేటప్పుడు ఒంటికి ఏ సుగంధమూ రాసుకోకుండా వెళ్ళండి. ఒక పూటలో మూడు నాలుగు వాసనలకు మించి చూడవద్దు, ముక్కు అలసిపోతుంది. కొందరు మధ్యమధ్య కాఫీ గింజలు వాసన చూడమంటారు. అంతకంటే బయటికొచ్చి గాలి పీల్చుకుంటే సరిపోతుంది. మొదట కాగితం ముక్క మీద చూసి, నచ్చినదాన్నే చేతి వెనుక రాయించుకోండి. రుద్దకండి. అక్కడికక్కడే కొనకండి. ఇదే అన్నిటికంటే ముఖ్యం.

ఎందుకంటే ఒక సీసాలో ఒక్క వాసన ఉండదు. మూత తీయగానే తగిలేది పైవాసన, నిమ్మ, పుదీనా లాంటివి. అది పావుగంటకల్లా ఎగిరిపోతుంది. ఆ తర్వాత పూలు, మసాలాలు గంటా రెండు గంటలు నిలుస్తాయి. చివరికి ఒంటి మీద మిగిలేది చందనం, ఊద్, అంబర్, కస్తూరి లాంటి అడుగువాసన. చాలామంది పైవాసనకు డబ్బిచ్చి, అడుగువాసనతో రోజంతా ఇబ్బంది పడతారు. జొహర్‌కు రాయించుకుని అసర్ దాకా తిరిగి, అప్పుడు చెయ్యి వాసన చూసుకోండి. తలనొప్పి రాకుండా, ఇంకా ఇష్టంగా ఉంటే అది మీది. మంచి స్నేహితుణ్ణి కస్తూరి అమ్మేవాడితో పోల్చిన హదీసు మనందరికీ తెలుసు. అతని దగ్గర కొనకపోయినా సువాసన మాత్రం దక్కుతుంది. చార్మినార్ పరిసరాల్లో పాత దుకాణదారులు ఇప్పటికీ చేతికి రాసి, చాయ్ తాగి రమ్మని పంపుతారు. కొనకుండా వెళ్ళిపోతావేమో అని కంగారుపడే దుకాణంలో కంటే అక్కడ కొనడం మేలు.

కాలాన్ని కూడా చూసుకోవాలి. ఎండాకాలంలో ఖస్, గులాబ్, మల్లె, మొగలి హాయిగా ఉంటాయి. ఖస్ అంటే మనం కిటికీలకు తడికలుగా కట్టుకునే వట్టివేరే. రాగి పాత్రలో తీయడం వల్ల రూహ్ ఖస్‌కు ఒక పచ్చని ఛాయ వస్తుంది. మొగలి మనకు పొరుగుదే. శ్రీకాకుళం దాటగానే వచ్చే ఒడిశాలోని గంజాం జిల్లా కేవ్డాకు పుట్టిల్లు. చలికాలంలో అయితే పలు మూలికలు, మసాలాలతో తీసిన షమామా, హినా, ఇంకా ఊద్. ఎండాకాలపు మధ్యాహ్నం కిక్కిరిసిన జుమా సఫ్‌లో ఊద్ దట్టంగా పూసుకొచ్చిన వాడి పక్కన ఆయాసం ఉన్న మనిషి నిలబడితే అతని అవస్థ అల్లాహ్‌కే ఎరుక. చెవి వెనుక ఒక్క చుక్క చాలు. ఇహ్రామ్ ధరించాక ఆ ఒక్క చుక్క కూడా కూడదు. ఉమ్రాకు వెళ్ళేవారు వాసన లేని సబ్బును ఇంటి నుంచే తీసుకువెళ్ళడం మంచిది.

పేర్లను చూసి మోసపోవద్దు. 'జన్నతుల్ ఫిర్దౌస్' ఏ పువ్వు పేరూ కాదు, ఒక కలయికకు పెట్టిన పేరు. ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. 'మజ్మువా' అంటే కూర్పు అని అర్థం. ఖస్, కేవ్డా, కదంబం, మిట్టీ కలిపితే పాతకాలపు మజ్మువా. ఊద్ అనేది అగరు చెట్టుకు బూజు సోకినప్పుడు దాని కాండంలో ఊరే జిగురు. అన్ని చెట్లకూ అది పట్టదు, అందుకే ఆ ధర. వంద రూపాయల ఊద్ ఉండదు. ఊద్‌ను పోలిన వాసన ఉంటుంది, ఆ మాట చెప్పి అమ్మితే తప్పు లేదు. స్ప్రేలలోని ఆల్కహాల్ విషయమై పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి.

మా అందరికీ ఎక్కువగా నచ్చింది మిట్టీ అత్తరు. కాల్చిన మట్టి పెంకులను పూలకు బదులు దేగ్‌లో వేసి, తొలకరి వాన వాసనను నూనెలోకి దింపుతారు. 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఈ వాన వాసనకు 'పెట్రికోర్' అని పేరు పెట్టినప్పుడు, భారతదేశంలో దీన్ని ఎప్పటినుంచో సీసాల్లో పడుతున్నారని వాళ్ళే రాశారు. వ్యవసాయం వదిలి ఊరొచ్చిన మా కమిటీ పెద్ద ఒకాయన దీన్ని వాసన చూసి చాలాసేపు మాట్లాడలేదు.

కొన్న సీసాను ఎండ తగలని అల్మారాలో పెట్టుకోండి. బాత్‌రూమ్ తేమ, కిటికీ వెలుగు రెండూ దాన్ని పాడుచేస్తాయి.

ఈ ఏడాది తోఫాలో సీసా సైజు తగ్గించాం. 3 మిల్లీలీటర్లే. సీసా మీద ఏ ద్రావకంలో కలిపారో, పరిమళం సహజమో కృత్రిమమో రాసిచ్చిన వ్యాపారి దగ్గరే కొన్నాం. ముందుగా మా ఇళ్ళలో వారం రోజులు వాడి చూశాం. నిరుటి కంటే ఖర్చు రెండింతలు దాటింది. ఆ వివరం జమాఖర్చుల పట్టికలో విడిగా చూపించాం, దాతలు చూడగలరు. పంపిణీకి మూడు రోజుల ముందు ఆఫీసు బల్ల మీద ఐదు రకాలు పెట్టి, ఎవరికి ఏది కావాలో వాళ్ళనే ఎంచుకోమన్నాం. నిరుడు వచ్చిన ఆ పెద్దామె కూడా వచ్చింది. నాలుగు వద్దంది. ఐదోది చేతి వెనుక రాయించుకుని, "ఇప్పుడే చెప్పను బేటా" అని వెళ్ళిపోయింది. అసర్ తర్వాత మనవడి చెయ్యి పట్టుకుని మళ్ళీ వచ్చింది. ఖస్ కావాలంది. రెండు సీసాలు ఇవ్వబోతే, ఒకటి చాలంది.