ముందు సబ్జెక్టు పట్టుకోండి... రూల్స్ తర్వాత

డిగ్రీ పూర్తయిందో లేదో, ‘ముందు ఇంగ్లిష్ కోచింగ్‌లో చేరు’ అన్న ఒత్తిడి ఇంట్లో మొదలవుతుంది. హైదరాబాద్‌లోని అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులకు కొదవే లేదు. పిల్లలు గలగలా మాట్లాడితే పోటీ పరీక్షల్లో ఇంగ్లిష్ మార్కులు వాటంతటవే వస్తాయని తల్లిదండ్రుల నమ్మకం.

ఆ నమ్మకంలో పస లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌లో ఇంటర్వ్యూయే లేదు. టైర్-1లో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు జవాబుకు అర మార్కు కోత. టైర్-2లో 45 ప్రశ్నలు, 135 మార్కులు. తప్పుకు ఒక మార్కు పోతుంది. బ్యాంకు ఉద్యోగాల పరీక్ష ఐబీపీఎస్ పీఓ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్‌కు 30 మార్కులు. రెండింటికీ అర్హత డిగ్రీ. ఇక్కడ పరీక్షించేది మాటల వేగాన్ని కాదు, వాక్యాన్ని విడదీసి చూసే నేర్పును.

ఈ వాక్యం చూడండి: ‘ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్ సోల్డ్ ఇన్ దీజ్ షాప్స్ ఆర్ పూర్.’ చాలామంది ‘నో ఎర్రర్’ అని టిక్కు పెట్టేస్తారు. ‘షాప్స్’ బహువచనం, పక్కనే ‘ఆర్’ ఉంది కాబట్టి చెవికి బాగానే వినిపిస్తుంది. ఇంతకీ బాగా లేనిది ఏమిటి? మామిడిపళ్లా, షాపులా? కాదు, క్వాలిటీ. అది ఏకవచనం కాబట్టి ‘ఈజ్’ రావాలి.

ఈ పొరపాటుకు పిల్లల్ని తిట్టి లాభం లేదు. తెలుగులో ‘వచ్చాను’ అంటే చాలు, వచ్చిందెవరో క్రియే చెప్పేస్తుంది. కర్త కోసం వెతికే పని మనకు అంతగా పడదు. పైగా ‘మా అన్నకు ఇద్దరు పిల్లలున్నారు’ అన్నప్పుడు మన క్రియ పిల్లల్ని బట్టి మారుతుంది. అదే అలవాటులో ‘మై బ్రదర్ హ్యావ్ టూ చిల్డ్రన్’ అని రాసేస్తారు. ఇంగ్లిష్‌లో ఆ వాక్యానికి సబ్జెక్టు అన్న, అందుకే ‘హ్యాజ్’. ఈ తేడా ఎవరూ విప్పి చెప్పకుండా, బట్టీ పట్టలేదని పిల్లల మీద విసుక్కోవడం అన్యాయం.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. మొదట వెర్బు కింద గీత గీయాలి. తర్వాత ‘ఆఫ్’, ‘ఇన్’, ‘విత్’, ‘ఎలాంగ్ విత్’, ‘యాజ్ వెల్ యాజ్’లతో మొదలయ్యే ముక్కల్ని పెన్సిల్‌తో కొట్టేయాలి. మిగిలినదాన్ని ‘ఎవరు? ఏది?’ అని అడగాలి. ‘ద కలెక్టర్, ఎలాంగ్ విత్ హిజ్ ఆఫీసర్స్’ అంటే వెంట ఎంతమంది ఉన్నా సబ్జెక్టు కలెక్టరే. ‘దేర్’తో మొదలైతే సబ్జెక్టు వెర్బు తర్వాత దొరుకుతుంది.

కొట్టేయకూడని చోట్లు కూడా కొన్ని ఉన్నాయి. ‘మోస్ట్ ఆఫ్ ద మిల్క్’కు ‘ఈజ్’, ‘మోస్ట్ ఆఫ్ ద స్టూడెంట్స్’కు ‘ఆర్’ వస్తాయి. అక్కడ ‘ఆఫ్’ తర్వాత ఉన్న మాటే వచనాన్ని తేలుస్తుంది. ‘ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్’లో ‘ఆఫ్’ ముక్కను కొట్టేయవచ్చు, అది ఏకవచనం; ‘ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్’లో కొట్టేయకూడదు, అది బహువచనం.

కోచింగ్‌లో జరిగే నష్టమంతా ఈ సాధన చేయించకపోవడంలోనే ఉంది. ‘వంద గ్రామర్ రూల్స్’ పేరుతో నోట్స్ చెప్పి రాయిస్తారు. వాటిలో సబ్జెక్టు, వెర్బుల పొత్తుకు సంబంధించినవన్నీ ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తాయి: ఈ వాక్యంలో సబ్జెక్టు ఏది? అది గుర్తుపట్టడం రాని విద్యార్థికి రూల్స్ పుస్తకం ఎంత లావుగా ఉన్నా పరీక్ష హాల్లో అక్కరకు రాదు. ఫీజుకు హాస్టల్ ఖర్చు తోడై, అప్పు చేసి పంపిన ఇళ్లలో ఆ భారం పిల్లల మనసు మీదే పడుతుంది. దానికన్నా పాత ప్రశ్నపత్రాలు, రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం, రోజూ ఇంగ్లిష్ పేపర్ సంపాదకీయంలో పది వాక్యాలకు సబ్జెక్టు గుర్తించే సాధన ఎంతో మేలు. ఇవన్నీ ఇంటి దగ్గరే కుదురుతాయి.

అయినా కోచింగ్ తప్పదనుకుంటే, ఫీజు కట్టకముందే డెమో క్లాసులో కూర్చోవాలి. బోర్డు మీద పొడవాటి వాక్యం రాసి, విద్యార్థి చేత సబ్జెక్టు వెతికించి, తప్పు చెబితే ఎందుకు తప్పో వివరించే టీచరైతే చేరవచ్చు. గంటసేపూ రూల్స్ చెప్పి రాయించడమే జరిగితే, ఆ డబ్బు మాక్ టెస్టులకు దాచుకోవడం మంచిది.