ముందు రక్తం, తర్వాత సూది

వర్ధన్నపేట

చిట్టీ,

నర్సింగ్‌లో సీటొచ్చిందని మీ బాపు స్వీట్లు తెచ్చి ఇచ్చిపోయిండు. కడుపు నిండింది బిడ్డా. కానీ హెపటైటిస్-బి టీకా, రక్తపరీక్ష రెండూ ఈ వారంలోనే ముగిస్తనన్నవట. ముందు సూది, నాలుగు రోజులకు పరీక్షనా? ఎవరు చెప్పిన్రు నీకు? కోపం కాదమ్మా, ఇన్నేండ్లు ల్యాబులో పనిచేసినదాన్ని, మనసు ఊకుంటలేదు.

ఒకప్పుడు ఈ టీకా బయటి దేశాల నుంచే వచ్చేది, మామూలోళ్లు కొనే ధర కాదు. 1997లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ హైదరాబాద్‌లోనే శాన్‌వాక్-బి తెచ్చినంక మనలాంటోళ్లకు అందింది. వైరస్ పైపొర ప్రోటీన్ ఒక్కటే ఈస్ట్‌లో పెంచి తీస్తరు. దాంతో జబ్బు రాదు. అయితే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్షలో మేం వెతికేది కూడా ఆ ప్రోటీన్‌నే! సూది పడ్డంక 18 రోజుల దాకా అది రక్తంల కనబడొచ్చు. అది టీకాదా, వైరస్‌దా అన్నది కిట్‌కు తెల్వదు.

మా ల్యాబుకు వచ్చిన ఒక పిల్లకు అట్లనే పాజిటివ్ వచ్చింది. టీకా ఎప్పుడు వేసుకున్నవని ఎవరూ అడగలే. ఇంట్ల ఆ పిల్ల కంచం, గ్లాసు వేరు పెట్టిన్రు. జబ్బు నిజంగా ఉన్నా కంచంతో అంటదు, అది ఇంకో అన్యాయం. నెల దాటి మళ్ల చూస్తే నెగెటివ్. ఆ నెలంత ఆ పిల్ల పడ్డ ఏడుపు నేను చూసిన.

అందుకే ముందు రక్తం ఇయ్యి. తీసినంక అదే రోజు సూది వేయించుకున్నా ఏం కాదు. సూది ముందే పడితే నాలుగు వారాలు ఆగు, తేదీ చూపించి కాలేజీల గడువు అడుగు. మొహమాటపడకు. ఒకవేళ పాజిటివ్ వస్తే టీకాదేలే అని నీకు నువ్వే తేల్చుకోకు, డాక్టరుకు చెప్పు. కోర్ యాంటీబాడీ పరీక్ష ఉంటది. టీకాల వైరస్ లోపలి కోర్ ఉండదు కాబట్టి టీకా వల్ల అది పాజిటివ్ కాదు. నెల తర్వాత హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష కూడా మళ్ల చేయించు.

మొదటి డోసు, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. అది అయినంక ఒకటి రెండు నెలల్లో యాంటీ-హెచ్‌బీఎస్ అనే యాంటీబాడీ పరీక్ష చేయించుకో. 10 యూనిట్లు, ఆపైన ఉంటే రక్షణ వచ్చినట్టే. ఏండ్లకేండ్లు జాగు చేస్తే ఆ అంకె దానంతటదే తగ్గుతది, టీకా పట్టిందో లేదో తేల్చలేం. నువ్వు రోజూ సూదులతో పనిచేయబోయేదానివి బిడ్డా.

టీకా కార్డు ఫొటో తీసి నాకు పంపు. సోమవారం రక్తం ఇయ్యబోయేటప్పుడు టిఫిన్ తినే పో, ఈ పరీక్షకు పరగడుపు అక్కర్లేదు.

మీ పెద్దమ్మ