ఆయమ్మతో నాలుగు మాటలు

ఏం చెల్లీ, అంగన్‌వాడీలో ఆయాగా చేరావట! చాలా సంతోషం. కానీ "వంట, ఊడ్పు, అంతే కదక్కా" అన్నావు చూడు, ఆ మాటే నాకు నచ్చలేదు. కాస్త కూర్చో, చెప్తాను.

పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పిలుచుకొచ్చేది నువ్వు. తల్లి చంక దిగనని గుక్కపట్టి ఏడ్చేవాణ్ణి ఎత్తుకునేది నువ్వు. టీచరమ్మకు రిజిస్టర్లు, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్, బాలింతలు, బరువులు, టీకాల రోజు. వీటన్నిటి మధ్య ఆమె ఒక్కతే అంతమంది పసివాళ్లను ఎలా ఆడించి పాడిస్తుంది? తమిళనాడులో 640 అంగన్‌వాడీ కేంద్రాలను తీసుకుని, వాటిలో సగానికి చదువు కోసమే ఇంకో మనిషినిచ్చి చూశారు. ఏడాదిన్నర తిరిగేసరికి అక్కడ ఆటపాటల చదువుకు దొరికే సమయం రెట్టింపయింది. పిల్లలు లెక్కల్లో, భాషలో ముందుకెళ్లారు. ఆ మనిషి ఆయా కాదులే, నిజమే. అయినా ఆ గదిలో పెద్దవాళ్లు ఇంకొకరుంటే పిల్లలకెంత మేలో తెలిసింది కదా! అందుకే నువ్వు పొయ్యి దగ్గరే ఉండిపోకూడదంటాను.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నావనుకో. గుమ్మం పట్టుకుని చూస్తున్న పిల్లను పక్కన కూర్చోబెట్టుకో. పెద్దవి ఈ పళ్లెంలో, చిన్నవి ఆ పళ్లెంలో వెయ్యమను. "ఎందులో ఎక్కువున్నాయే?" అని అడుగు. వెంటనే చెప్పదు. నువ్వు మాత్రం అందించకు. వేలితో ఒక్కోటీ జరుపుకోనివ్వు. మూడు తర్వాత ఐదంటే నవ్వకు, తనతో కలిసి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టు. గుండీలూ అంతే. అన్నీ నువ్వే పెట్టేస్తే పని తొందరగా తెములుతుంది, పిల్లకు మాత్రం ఏమీ అబ్బదు. మొదటిది పెట్టి రెండోది దానికి వదిలెయ్యి. చెయ్యి వెనక్కి తీసుకోవడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం తల్లీ.

మీ కేంద్రానికి తండా పిల్లలూ వస్తారుగా. ఇంట్లో లంబాడీ తప్ప వినని పిల్లకు టీచరమ్మ తెలుగు కొత్త. నీకా భాష వచ్చు. ఆకలేస్తోందా అని ముందు దాంట్లోనే అడిగి, ఆ వెంటే తెలుగులో అను. రెండూ నీ నోట వింటే పిల్లకు బెరుకు పోతుంది.

వెనకనుంచి పిలిస్తే తిరగని పిల్లాడు, రోజూ గుడ్డు వదిలేసే పిల్ల ముందుగా నీ కంటబడతారు. నలుగురిలో అనకు. టీచరమ్మను పక్కకు పిలిచి చెప్పు. పిల్లల్ని పరీక్షించే డాక్టర్లు కేంద్రానికి వచ్చిన రోజు మళ్లీ గుర్తుచెయ్యి.

ఇక డబ్బు మాట. 2018 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం ఆయాలకు నెలకు 2,250 రూపాయలు, టీచర్లకు 4,500 లెక్కన ఖరారు చేసింది. మన రాష్ట్రాలు పైన కలుపుతున్నాయి కానీ, ఇంత చాకిరీకి అది చాలదు, చాలదంటే చాలదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆయాలకూ గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పిచ్చింది. అందుకే నియామకం కాగితం భద్రంగా దాచుకో. టీచరు పోస్టుల్లో సగం ఐదేళ్ల అనుభవమున్న ఆయాలకు పదోన్నతిగా ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉంది. దానికి చదువు అర్హత కావాలి. నువ్వేమో పదితో ఆపేశావు. ఈసారి ఓపెన్ స్కూల్లో ఇంటర్‌కు కట్టు, మరిదిగారితో నేను మాట్లాడతాను.